ట్రిప్ షీటులో చివరి గడి

హిందూపురం బస్టాండులో మధ్యాహ్నం ఒంటిగంటప్పుడు నిలబడి ఉంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "పెనుకొండ, ధర్మవరం, డైరెక్టు డైరెక్టు డైరెక్టు." ప్రైవేటు బస్సు కండక్టరు తలుపు రేకు మీద అరచేత్తో కొడుతూ అరుస్తున్నాడు. ఆ రేకు చప్పుడు, డీజిలు పొగ, పక్క బండి మీద వేగుతున్న బజ్జీల వాసన అన్నీ కలిసి ఒక్కసారిగా మీద పడ్డాయి. అందరూ తోసుకుని ఎక్కుతున్నారు. నేను మెట్టు మీద ఒక కాలు పెట్టి, "ఏ దారిన పోతుందప్పా?" అని అడిగాను. కండక్టరు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ధర్మవరానికి ఎన్ని దార్లుండాయక్కా? పెనుకొండ మీదనే" అన్నాడు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా అడగకుండా ఎక్కడం నాకు చేతకాదు. ఈ అలవాటు నేర్పినవారు సంజీవప్ప సార్. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన నేర్పినదాన్ని నేను సరిగ్గా అవసరమైన రోజున మరిచిపోయాను కాబట్టే ఇప్పుడు కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

సంజీవప్ప సార్ పెనుకొండలో ఒక ఎరువుల అంగడి పైన రెండు గదుల్లో ఇంటర్నెట్ ఆఫీసు నడిపేవారు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఆయన తీగలు ఉండేవి. బెంగుళూరులో ఒక పెద్ద కంపెనీ దగ్గర టోకున కనెక్షను కొని, ఇక్కడ ఇళ్లకు, అంగళ్లకు పంచేవారు. దానికి ముందు టీవీ కేబులు వేశారట, ఇంకా ముందు హిందూపురం ధర్మవరం ప్రైవేటు బస్సులో కండక్టరుగా చేశారట. బస్సు దిగి ఎన్నేళ్లయినా ఆయన కుర్చీలో కూర్చునేవారు కాదు. తలుపుకు భుజం ఆనించి, చెవి మీద పెన్ను పెట్టుకుని, మా అందరినీ టికెట్టు కొనని వాళ్లను చూసినట్టు చూసేవారు. నేను డిప్లొమా అయిపోగానే అక్కడ చేరాను. కంప్లైంటు ఫోన్లు ఎత్తడం నా పని.

చేరిన వారంలోనే ఒకాయన ఫోన్ చేశాడు. దుబాయిలో ఉన్న తమ్ముడితో మాట్లాడుతుంటే బొమ్మ నిలిచిపోతోందని చెప్పాడు. నేను స్పీడ్ టెస్టు పెట్టించాను. బ్రహ్మాండంగా వచ్చింది. "మా లైను బాగుంది, మీ ఫోను ఒకసారి ఆపి మళ్లీ వేయండి" అని చెప్పి పెట్టేశాను. సార్ తలుపు దగ్గర నుంచే అడిగారు.

"ఆ టెస్టు యాడి వరకు పోయి వస్తాంది పాపా?"

"బెంగుళూరు దాకా సార్."

"ఆయప్ప మాట్లాడేది యాడికి?"

"దుబాయికి."

"మరి బస్సు హిందూపురంలో బయల్దేరి సోమందేపల్లి దాకా బాగా పోయింది గాబట్టి, ధర్మవరం టయానికి చేరిందని షీటులో రాసేస్తామా?"

నాకు నవ్వు వచ్చింది, ఆయనకు రాలేదు. బీరువా తెరిచి పాత బస్సు ట్రిప్ షీట్ల కట్ట ఒకటి తీశారు. బస్సు ఓనరు వ్యాపారం ఎత్తేసినప్పుడు మిగిలిపోయిన ఖాళీ కాగితాలు అవి. ఒక వరుసలో స్టేజీ పేరు, పక్కన బయల్దేరిన వేళ, దాని పక్కన చేరిన వేళ. కంప్యూటరులో ఒక చిన్న ఆదేశం ఇస్తే, మనం పంపిన సమాచారం అవతలి మనిషిని చేరేలోపు ఏయే చోట్ల మీదుగా పోతోందో, ఒక్కో చోటికి ఎంతసేపు పట్టిందో వరుసగా చూపిస్తుంది. మేం కాలేజీలో దాన్ని పరీక్ష కోసం నేర్చుకుని మరిచిపోయాం. సార్‌కు ఇంగ్లీషు అంతంత మాత్రమే. కానీ ఆ తెర మీద వచ్చే పొట్టి పేర్లలోంచి ఊళ్లు ఏరడం ఆయనకు బాగా వచ్చు. "ఇది మద్రాసు. ఇది సింగపూరు. ఈడ ఎంతసేపు నిలబడింది చూడు" అంటూ ఒక్కోటి షీటులో తెలుగులో రాసేవారు. కంప్లైంటు చేసినవాడికి మళ్లీ బొమ్మ కదిలి, వాడు నోటితో బాగుందని చెప్పిన తర్వాతే చివరి గడిలో చేరిన వేళ రాసేవారు. అది రాయని షీటు బల్ల మీద నుంచి కదలడానికి వీల్లేదు.

అదెందుకు అంత పట్టింపో ఒకసారి బస్సులో ధర్మవరం పోతూ, సీటున్నా నిలబడే చెప్పారు. ఆయన కండక్టరుగా ఉన్నప్పుడు కొన్ని నెలలు బస్సు పెనుకొండ మీద కాకుండా గోరంట్ల, కదిరి, ముదిగుబ్బ చుట్టి ధర్మవరం పోయేదట. కదిరిలో ఇంకో ఓనరుతో వీళ్ల ఓనరుకు ఒప్పందం కుదిరింది, అక్కడ ఆయన మనుషుల్ని ఎక్కిస్తాడు, అందుకని. బయట మాత్రం ఎప్పటిలాగే డైరెక్టు అని అరవమన్నారు. ఒకనాడు ఒక ముసలామె ఎక్కింది. ఆమె చెల్లెలు ధర్మవరం ఆస్పత్రిలో ఉంది.

"కదిరి కనపడినాక అడిగింది పాపా, ఇదేమప్పా ఈడికొచ్చినాము అని. నేను టికెట్లు లెక్కపెట్టుకుంటా ముందుకు పోతిని. పొయ్యేసరికి చెల్లెలు లేదు." కడ్డీ మీద చెయ్యి మార్చుకున్నారు. "బస్సు యాడా నిలబడలే. టైరు పంచరు కాలే. డ్రైవరు తప్పేమీ లేదు. ఓనరు ఎవరితో మాట్లాడుకుంటే బండి ఆ దారిన పోతాది, అంతే. కానీ డైరెక్టు అని అరిచి ఆయమ్మను ఎక్కించుకున్నది నేనే గదా."

ఇంటర్నెట్టు కూడా అంతేనని ఆయన చెప్పడానికి ముందే నాకు అర్థమైంది. బయటి దేశానికి పోయే సమాచారం దగ్గరి దారిన పోవాలని ఎక్కడా లేదు. ఏ కంపెనీకి ఏ కంపెనీతో ఒప్పందం ఉందో, ఎవరి తీగ చౌకగా దొరికిందో, ఆ దారిన పోతుంది. ఇంట్లో తీగ బాగుంటుంది, రూటరు బాగుంటుంది, అవతలి మనిషి ఫోనూ బాగుంటుంది. మధ్యలో మాత్రం మాట ఎక్కడెక్కడో తిరిగి, అలిసిపోయి చేరుతుంది.

ఆ రోజు మేం ధర్మవరం పోయింది లోకేశు ఇంటికి. లోకేశు పుట్టుకతో మాట, వినికిడి లేని మనిషి. పట్టుచీరలు నేస్తాడు. భార్య రమణమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. ఆమెకు మాటా వినికిడీ ఉన్నాయి. పెళ్లయ్యాక ఆయనతో చేతులతో మాట్లాడడం నేర్చుకుంది. ఇద్దరూ కలిసి సొంతంగా కల్పించుకున్న సైగలు చాలా ఉన్నాయి, బయటివాళ్లకు అర్థం కావు. శుక్రవారం శుక్రవారం ఆమెకు మధ్యాహ్నం కొంచెం తీరిక దొరుకుతుంది. మనకు అప్పుడు సాయంత్రం నాలుగున్నర. ఫోనులో అందరికీ గొంతు చాలు, లోకేశుకు బొమ్మ కదలాలి. చేతులు కదిలినట్టు కనపడాలి. అందుకే వాళ్లమ్మ నారాయణమ్మవ్వ కనెక్షను పెట్టించింది.

మేం తీగ కలిపిన రోజు శుక్రవారమే. లోకేశు మగ్గం గుంతలోంచి కాళ్లు తీసి, ఫోనును గోడకు ఆనించి ఎదురుగా కూర్చున్నాడు. తెర మీద రమణమ్మ రాగానే ఇద్దరి చేతులూ లేచాయి. నేను అంత వేగంగా కదిలే చేతులు ఎప్పుడూ చూడలేదు. ఆమె గడ్డం గోక్కున్నట్టు చూపించి కసిరింది, ఆయన తన గడ్డం తడుముకుని సిగ్గుపడ్డాడు. నేస్తున్న చీర అంచు ఎత్తి చూపించాడు, ఆమె రంగు బాగాలేదని తల అడ్డంగా ఊపింది. నారాయణమ్మవ్వ మా వైపు తిరిగి, "నోరుండే మనము ఇంత మాట్లాడతామా? ఈళ్లకు మాటలు అయిపోవు తల్లీ" అంది. సంజీవప్ప సార్ ఆ రోజు షీటులో చేరిన వేళ రాసేటప్పుడు చెవి మీది పెన్ను తీసి, ఒక్క నిమిషం అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఆయన సంతోషంగా ఉన్నప్పుడు అలా చేసేవారు.

తర్వాతి ఏడాది నాకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. సంజీవప్ప సార్ టోకున కొనే ఆ పెద్ద కంపెనీలోనే. కంప్లైంట్లు చూసే విభాగం. సార్ చాలా సంతోషించారు. "మన మనిషి ఆడుంటే మాకు ఇంక భయమేముంది" అని అంగడివాళ్లందరికీ చెప్పుకున్నారు. నేను చల్లటి ఏసీ గదిలో, తిరిగే కుర్చీలో కూర్చోవడం నేర్చుకున్నాను. అక్కడ కంప్లైంటును టికెట్ అంటారు. ఎంత తొందరగా టికెట్ మూస్తే అంత మంచి ఉద్యోగి. చిన్న ఊళ్ల వాళ్ల టికెట్లు ఎప్పుడూ వరుసలో చివర ఉంటాయి.

ఆరు నెలల తర్వాత సార్ దగ్గర నుంచి ఒక టికెట్ వచ్చింది. కువైట్ వైపు కాల్స్ నిలిచిపోతున్నాయని. నేను చూశాను. నిజం చెప్పాలంటే చూడలేదు. పెనుకొండ నుంచి బెంగుళూరుకు స్పీడ్ టెస్టు ఎంత వస్తోందో చూశాను. బాగుంది. లోపం కనపడలేదు అని రాసి మూసేశాను. వారానికి ఇంకొకటి వచ్చింది, దానికి ఒక ఫోటో జత చేసి ఉంది. పక్క సీటు కుర్రాడు పేరు చూసి, "మీ కండక్టరు అంకుల్ మళ్లీ పంపాడా?" అని నవ్వాడు. గదిలో ఇంకో ఇద్దరు నవ్వారు. నాకు సిగ్గేసింది. ఆయన్ను చూసి కాదు, ఆయన దగ్గర పని నేర్చుకున్నానని వాళ్లకు తెలిసిపోయినందుకు. ఆ ఫోటో తెరవకుండానే టికెట్ మూసేశాను. మూడోసారి ఆయన ఫోన్ చేశారు.

"పాపా, లోకేశు కాల్ కలవడంల్యా. ఆ పిల్ల చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే నిలబడిపోతాండాది. ఒక్కసారి స్టేజీలు చూడు."

"సార్, మా వైపు లైను బాగుంది. స్పీడు మీకు పూర్తిగా వస్తోంది. వాళ్ల ఫోను ఒకసారి ఆపి మళ్లీ వేయమనండి."

ఆ మాట నా నోటి నుంచి వచ్చిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "సరే తల్లీ, పనిలో ఉండావేమో" అని పెట్టేశారు. పాపా అని పిలిచే మనిషి తల్లీ అన్నారు, అది నాకు ఆ రోజు తట్టలేదు.

ఆ తర్వాత సంగతులు నాకు ఊరి నుంచి ముక్కలు ముక్కలుగా తెలిశాయి. మగ్గాల వీధిలో చాలా ఇళ్లవాళ్లు కువైట్‌లో ఉంటారు. సంజీవప్ప లైను బాగాలేదని ఒకరి తర్వాత ఒకరు వేరే కనెక్షనుకు మారిపోయారు. ఆయన ఇంటింటికీ పోయి, తప్పు తీగలో లేదు, పైన దారిలో ఉంది అని చెప్పుకున్నారట. పైన దారి ఎవరికి కనపడుతుంది? నీ మనిషే ఆ కంపెనీలో ఉంది గదా, అడగరాదా అని ఎవరో అన్నారట. ఆయన చెవి మీది పెన్ను సర్దుకుని పక్కింటికి పోయారట. చివరికి తీగలూ పెట్టెలూ ఇంకొకరికి అప్పజెప్పి ఆఫీసు ఖాళీ చేశారు.

నేను నిజం తెలుసుకున్నది ఇంకో ఏడాదికి. కువైట్‌లో ఆఫీసున్న ఒక పెద్ద సంస్థ మా కంపెనీకి అదే కంప్లైంటు ఇచ్చింది. వాళ్లు పెద్దవాళ్లు కాబట్టి అందరూ ఉలిక్కిపడి లేచారు. పని నాకే ఇచ్చారు. చాలా కాలానికి మళ్లీ స్టేజీలు చూశాను. సమాచారం బెంగుళూరు నుంచి మద్రాసు, అక్కడి నుంచి సముద్రం దాటి సింగపూరు, అక్కడి నుంచి లండన్, లండన్ నుంచి మళ్లీ ఇటు తిరిగి కువైట్ పోతోంది. ముంబయి నుంచి నేరుగా కువైట్‌కు తీగ ఉంది, మా కంపెనీకి అందులో చోటూ ఉంది. కానీ సింగపూరు కంపెనీతో కొత్త ఒప్పందం కుదిరినప్పుడు ఎవరో అన్నిటికీ ఆ దారినే ముందు పెట్టారు. సాయంత్రం ఆ దారి కిటకిటలాడుతుంది. నా పైవాళ్లకు చూపించి, దారుల జాబితాలో ఒక్క వరుస మార్చాను. టీ చల్లారేలోపు అయిపోయింది.

అప్పుడు నాకు సార్ పంపిన ఫోటో గుర్తుకొచ్చింది. పాత టికెట్లు వెతికి, ఆ తెరవని ఫోటో తెరిచాను. ట్రిప్ షీటు. సార్ గుండ్రటి అక్షరాలు. పెనుకొండ, బెంగుళూరు, మద్రాసు, సింగపూరు, లండన్, కువైట్. ఒక్కో స్టేజీ పక్కన పట్టిన వేళ. సింగపూరు చుట్టూ ఒక సున్నా చుట్టి, పక్కన ఇలా రాశారు: "ఈడ దిగి చుట్టు తిరిగి పోతాండాది పాపా. ముంబయి మీద దారి ఉండాదేమో చూడు." చేరిన వేళ అనే గడి ఖాళీ. పెద్ద సంస్థ కోసం నేను కష్టపడి కనిపెట్టానని అందరూ మెచ్చుకున్నది, ఆయన ఎప్పుడో రాసి నా చేతికి ఇచ్చారు. నేను బాత్రూములోకి పోయి ఏడ్చాను. ఏడ్చి వచ్చి మొహం కడుక్కుని ఇంకో టికెట్ మూశాను, అది కూడా చెప్పాలి.

ఆ ఆదివారం పెనుకొండ పోయాను. సార్ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన్ను కూర్చుని ఉండగా చూడడం నాకు అదే మొదటిసారి. కాళ్లు వాచి ఉన్నాయి. నేను జరిగిందంతా చెప్పాను, ఫోటో తెరవలేదని కూడా చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇప్పుడు ముంబయి మీద పోతాందా?"

"పోతోంది సార్."

"బొమ్మ నిలబడదా?"

"నిలబడదు సార్."

ఆయన లోపలికి పోయి అసలు షీటు తెచ్చారు. పెన్ను చెవి మీద నుంచి తీసి, చివరి గడి దగ్గర పెట్టి, ఆగిపోయారు. "లోకేశుకు చెప్పినావా?"

లేదన్నాను. ఆయన షీటు నా చేతిలో పెట్టారు. "చెప్పాల్సింది నాకు గాదు పాపా. ఆయప్ప మాట్లాడినాక నువ్వే నింపు."

శుక్రవారం సెలవు పెట్టి ధర్మవరం పోయాను. లోకేశు మగ్గం మీద ఉన్నాడు, నన్ను గుర్తుపట్టి నవ్వాడు. ఫోను ఎక్కడుందని సైగ చేస్తే వాళ్లమ్మ వైపు చూపించాడు. నారాయణమ్మవ్వ నడుముకు దోపుకున్న ఫోను తీసింది.

"ఇప్పుడు కాల్ చెయ్యరు పాపా. వేరే కనెక్షను పెట్టుకుంటిమి గానీ, అప్పటికే ఇద్దరికీ విసుగొచ్చేసింది. వారం వారం ఆ నిలబడిపోయిన మొహం జూసి జూసి వీడు ఎదురుగా కూర్చోడం మానేసినాడు. ఆ పిల్ల నాకు గొంతు పంపిస్తాది. నేను విని వీనికి చేత్తో చెప్తా. వీడు చెప్పేది నేను ఆ పిల్లకు చెప్తా."

"అన్నీ చెప్పుకుంటారా అవ్వా?"

ఆమె మగ్గం వైపు చూసి, గొంతు తగ్గించాల్సిన అవసరం లేకపోయినా తగ్గించింది. "అత్తకు చెప్పేవి వేరే, మొగునికి చెప్పుకునేవి వేరే గదా పాపా. బియ్యం తెచ్చినారా, మందులు ఏసుకున్నారా, ఇయ్యే. ఇంగేమి జెప్తాది నా దగ్గర?"

దారి నేను సరిచేశాననుకున్నాను. ఇక్కడ మొగుడూ పెళ్లాల మాట ఒక ముసలామె మీదుగా చుట్టు తిరిగి పోతోంది. ఆ చుట్టు దారి వేసింది నేను.

పట్టుబట్టి నాలుగున్నరకు కాల్ చేయించాను. రమణమ్మ తెర మీదికి వచ్చింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. ఆమె వెనక కిటికీ పరదా గాలికి కదలడం కూడా కనపడుతోంది. లోకేశు ఎదురుగా కూర్చున్నాడు. ఆమె చూసింది, ఆయన చూశాడు. నేను వాళ్ల చేతుల వైపే చూస్తున్నాను. పరదా కదులుతోంది, ఆమె రెప్పలు కదులుతున్నాయి. చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి. కాసేపటికి ఆమె వేళ్లు నోటి దగ్గరికి తెచ్చి తిన్నావా అని అడిగింది. ఆయన తిన్నానని తల ఊపాడు. అంతే. ఆయన లేచి మగ్గం దగ్గరికి పోయాడు.

సంజీవప్ప సార్ ఆ తర్వాత నాకు అప్పుడప్పుడూ ఫోన్ చేసేవారు. తన ఆరోగ్యం గురించి అడిగితే మాట మార్చేవారు. ప్రతిసారీ అడిగేది ఒక్కటే, "నింపినావా పాపా?" ఇంకా లేదు సార్ అనేదాన్ని. చివరిసారి ఆస్పత్రి మంచం మీద నుంచి అడిగారు. గొంతు బాగా సన్నబడింది. "నింపేశాను సార్, వాళ్లిద్దరూ మునుపటిలా మాట్లాడుకుంటున్నారు" అని ఆయనకు ఒక్క మాట చెబితే ఏం పోతుంది అనిపించింది. నోటి దాకా వచ్చింది. కానీ ఒకసారి లైను బాగుందని చెప్పి చూశాను గదా.

"ఇంకా లేదు సార్. తిన్నావా అంటే తిన్నాను, అక్కడే ఆగుతోంది."

"మంచిది" అన్నారు. కొంచెం ఊపిరి తీసుకున్నారు. "చేరకుండానే చేరిందని రాయొద్దు."

ఇప్పుడు ఆఫీసులో స్టేజీలు చూడకుండా ఒక్క టికెట్ కూడా మూయను. దాని వల్ల నాకు మంచి పేరు లేదు, నెమ్మది మనిషినని అంటారు. సెలవు దొరికిన శుక్రవారాల్లో ధర్మవరం పోయి, నారాయణమ్మవ్వ పక్కన కూర్చుంటాను. ఈరోజు శుక్రవారం. బస్సు సోమందేపల్లి దాటింది, కండక్టరు చెప్పినట్టే పెనుకొండ మీదుగానే పోతోంది. నాలుగున్నరకు ముందే చేరతాను. షీటు సంచిలో ఉంది, మడతల దగ్గర చిరుగుతోంది. పెన్ను కూడా ఉంది. చివరి గడి ఇంకా ఖాళీ.